బ్యాచ్ నంబరు

ఉత్తరం నా పేరు మీద రాలే.
సూర్యాపేట పత్తి వ్యాపారి గుండా వెంకటరత్నం పేరున వచ్చింది.
ఆయన హాలియా బత్తాయి మండి మాశెట్టికి ఫోన్ చేసిండు,
మాశెట్టి దేవరకొండ ఆర్‌ఎంపీకి,
ఆర్‌ఎంపీ నాకు, రాత్రి తొమ్మిదిన్నరకు,
నేను పప్పుకు పోపు పెడుతుంటే.
బండి నా దాకా రానికి పదకొండేండ్లు పట్టింది.
దాని భయం ఒక్క పొద్దుల వచ్చి చేరింది.

స్టీరింగ్ నడుమ మడతపెట్టిన సంచి ఒకటుంటదట,
ఎడమ సీటు ముంగట ఇంకొకటి.
గుద్దుకున్నప్పుడు ఉబ్బి గుండెకు అడ్డం రావాలె.
ఈ బండ్లల్ల, ఏండ్ల ఎండకు, ఉక్కకు
సంచి వెనక డబ్బీల మందు చెడిపోయిందట.
తెరుచుకుంటే డబ్బీ పగిలి
ఇనుప ముక్కలు మొకం మీదికే వస్తయట.
కాపాడేదాని కడుపుల కత్తులున్నయని తెల్వక
దానికెదురుంగ కూసోని
ఇన్నొద్దులు కూనిరాగం తీసిన.

నల్లగొండ షోరూంల పిల్లగాడు
అద్దం కింది పదిహేడు అక్షరాలు ఒక్కొక్కటే కొట్టిండు.
"లిస్టుల ఉంది మేడం. పార్టు ఇంకా రాలే."
ఎప్పుడొస్తది?
"రాంగనే మెసేజ్ పెడ్తం."
మరి అప్పటిదాక నడపొచ్చా?
తల గోక్కున్నడు.
"నడపొచ్చు మేడం. గుద్దకుంటే ఏంగాదు."

గుద్దకుంటే.
కొండమల్లేపల్లి చౌరస్తల లారీలకు చెప్పాలె ఆ మాట,
డిండి మలుపు కాడ బర్లకు,
లైట్లు లేకుంట ఎదురొచ్చే వడ్ల ట్రాక్టరుకు.

ఆ రాత్రి నిద్ర రాక ఎడమ సీటును లెక్కబెట్టిన.
కొర్రతండా సక్రి, నొప్పులు పడుకుంట,
రెండు కాళ్లు డ్యాష్‌బోర్డుకు తన్నిపెట్టి.
అంగన్‌వాడీ యాదమ్మ, ఒళ్లె గుడ్ల ట్రే.
ముందు సీటు కోసం ఏడ్చి గెలిచిన
మా ఆడబిడ్డ కొడుకు.
వాళ్లకెవ్వరికీ ఏం కాలే.
కాలే అన్న ఆ ముక్కనే
తెల్లారేదాక కప్పుకొని పండుకున్న.

ఈ పని నాకు కొత్త గాదు.
నాలుగేండ్ల కింద ఆ ఉత్తరాన్ని నేనే.
ఐరన్ సిరప్పు ఒక బ్యాచ్ వాపసు తెమ్మన్నది జిల్లా ఆఫీసు.
నలభై మూడు సీసాలు, పదకొండు తండాలు,
ఎండల తలుపు తలుపు కొట్టుకుంట తిరిగిన.
పేరు సువార్త, మోసుకపోయేది దుర్వార్త.
"నువ్వే ఇస్తివి గద సిస్టరమ్మా, నువ్వే మంచిదంటివి" అన్నరు.
ఏంగాదు, ఊకెనే, అన్న.
ఏమయితదో నాకూ ఎవ్వరు చెప్పలే.
నలభై రెండు దొరికినయ్.
ఒకటి, పూణెకు కూలికి పోయినోళ్ల మూటల పోయింది.
రిజిస్టరుల ఆ గడి ఇంకా ఖాళీనే.
ఎన్నడన్న పేజీ తిప్పుతుంటే
వేలు అక్కడ ఆగుతది.

ఇప్పుడు సూర్యాపేటలనో, మద్రాసులనో,
ఏ ఆఫీసు రిజిస్టరులనో
ఆ ఖాళీ గడిల కూసోని నేను బండి నడుపుతున్న.

సీటు వెనక్కి జరిపిన, క్లచ్ అందీ అందకుంట.
ఎడమ సీట్ల వ్యాక్సిన్ డబ్బ పెట్టి బెల్టు కడుతున్న.
దానికి మొకం లేదు గద.

నిన్న చందంపేట రోడ్డు మీద సక్రి చెయ్యెత్తింది,
చంకల పిల్ల.
అలవాటు కొద్దీ ముందు డోర్ మీద చెయ్యేసింది.
వెనక కూసో అన్న.
"ఎందుకు సిస్టరమ్మా, ఆనాడు ఇందులనే గద పండవెడ్తివి?"
చెప్పబోయిన. చెప్పలే.
వెనకకు పోయి కూసుంది, మొకం చిన్నగ చేసుకొని.
పిల్ల మాత్రం సీట్ల సందుల నుంచి
నా జడ గుంజుకుంట నవ్వుతనే ఉంది.

మైలు దాటంగనే ఫోన్ కూసింది.
బండి పక్కకు ఆపి, అద్దాలు తుడుచుకొని చూసిన.
పార్టు గాదు.
కిస్తీకి రేపే ఆఖరు తారీఖట.